దాచిన ఉత్తరం కాదు, చెప్పిన చదువు

థామస్ ఆల్వా ఎడిసన్ చిన్నతనం గురించి ఓ ఉత్తరం కథ మీరూ వినే ఉంటారు. బడినుంచి టీచరు ఉత్తరం పంపాడట. ‘మీవాడు మేధావి, వాడికి చదువు చెప్పే స్తోమత మాకు లేదు’ అని ఉందంటూ తల్లి చదివి వినిపించిందట. ఆమె పోయాక తీసి చూస్తే ‘మీవాడు మందబుద్ధి’ అని ఉందట! స్కూలు వార్షికోత్సవాల్లోనూ, సెల్‌ఫోన్లలోనూ ఈ కథ విని మనం కళ్లు తుడుచుకుంటాం.

నాకు మాత్రం ఈ కథంటే చిరాకు. ఎందుకంటే ఎడిసన్ స్వయంగా చెప్పుకున్నది వేరు. తనకి బుర్ర సరిగ్గా లేదని టీచరు అనడం ఆ పిల్లాడు చెవులారా విన్నాడు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాడు. ఆ తల్లి, నాన్సీ, వాణ్ణి వెంటబెట్టుకుని బడికెళ్లి టీచర్ని కడిగేసింది. తర్వాత ఇంట్లో తనే చదువు చెప్పింది.

ఎలా చెప్పగలిగింది? ఆవిడ పెళ్లికి ముందు టీచరు. 1847లో పుట్టిన ఎడిసన్ ఆమె ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. అమెరికాలో పోర్ట్ హ్యూరన్ అనే ఊళ్లో ఉండేవారు. రిచర్డ్ పార్కర్ రాసిన సైన్సు పుస్తకం దొరికితే అందులోని ప్రయోగాలన్నీ ఇంట్లోనే చేసి చూశాడు. నేలమాళిగ నిండా రసాయనాల సీసాలే. ఎవరూ ముట్టుకోకుండా వాటిమీద ‘విషం’ అని రాసిపెట్టేవాడు. ఇల్లంతా ఆగం చేసే పిల్లాణ్ణి భరించడం ఎంత కష్టమో మనకి తెలియదూ! పన్నెండేళ్లకే రైల్లో పేపర్లు అమ్ముతూ, సామాన్ల పెట్టెలోనూ ప్రయోగాలు మొదలుపెట్టాడు.

1877 నాటి ఫోనోగ్రాఫుని చూడకుండానే, 1871లో నాన్సీ కన్నుమూసింది. తనని ఇంతవాణ్ణి చేసింది అమ్మేనని ఎడిసన్ తర్వాత చెప్పుకున్నాడు.

ఉత్తరం కథలో తల్లి గొప్పతనమంతా ఓ అబద్ధంలోనూ, దాచుకున్న కన్నీళ్లలోనూ ఉంది. అసలు సంగతిలో ఆమె చదువుంది, తెగువుంది. వాటిని పక్కనపెట్టి ‘అమ్మంటే ప్రేమ’ అనేస్తే మనకి ఒరిగేదేమిటి? ‘ఇంట్లో కూర్చునేదానికి డిగ్రీ ఎందుకు?’ అని నన్నూ అడిగినవాళ్లున్నారు.

పిల్లల్ని బడి మాన్పించమని నేననడం లేదు. అది అందరికీ కుదిరేది కాదు, ఇంట్లో చదివినవాళ్లంతా ఎడిసన్‌లూ కారు. కానీ, మార్కుల కాగితం చేతికిచ్చి ‘మీవాడు వెనకబడ్డాడండీ’ అంటే తలొంచుకుని వచ్చేయకండి. ‘ఏ పాఠంలో? ఎక్కడ తడబడుతున్నాడు?’ అని నిలబడి అడగండి. సాయంత్రం ఆ పాఠం వాడి పక్కన కూర్చుని మీరూ ఓసారి తిరగేయండి. మన డిగ్రీ ఎందుకంటే, ముందు ఇందుకు!