వదులైన రేకు

బిగించుట వేరు, బాగుచేయుట వేరు. ఈ రెంటికిని గల భేదమును మన విద్యార్థులు చిన్ననాటనే యెరుగవలెనని నా యభిప్రాయము. ఒక పాత స్పోర్ట్సు కారును నిదర్శనముగ గైకొని దీనిని విన్నవించెదను.

ఇంగ్లండునందలి ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అను చిన్న స్పోర్ట్సు కారు తయారైనది. మొత్తము 5 లక్షలకు పైగా బండ్లు వెలువడెను. వానిలో ననేకములు నేటికిని నడచుచున్నవి. ఈ బండికి వేరుగ చట్రము లేదు. రేకులతో నతికిన దేహమే చట్రము. ముందు మడ్గార్డులు మాత్రము బోల్టులతో బిగింపబడినవి. కావున వానిని విప్పవచ్చును.

అట్టి మడ్గార్డు వదులై గడగడలాడినపుడు యజమాని స్పానరు గొని, కంటికి కనబడిన బోల్టును బిగించును. చప్పుడు కొన్నాళ్లడగి, మరల మొదలగును. ఏలన, చక్రము చిమ్మిన బురద మడ్గార్డు వెనుక క్రిందిభాగమున చేరి నిలుచును. ఆ తడి త్వరగా నారదు. రేకు లోపలినుండి త్రుప్పు పట్టును. బోల్టునకు పట్టునీయవలసిన రేకే తినబడినపుడు, ఎంత బిగించిన నేమి ఫలము?

మరికొందరు పుట్టీ మెత్తి, నునుపుగ రుద్ది, రంగు వేయుదురు. చూచువారికి బండి క్రొత్తదే. కాని తలుపు క్రిందనుండు సిల్లు అను భాగము ఈ బండికి వెన్నెముక వంటిది. మడ్గార్డు అడుగుభాగము దానికే బిగింపబడును. అచ్చటి త్రుప్పును కప్పిపుచ్చి యమ్మువాడు కొనువాని ప్రాణముతో బేరమాడుచున్నాడు.

సరియైన పద్ధతి యిది. బోల్టులకు నూనె పట్టించి, నాననిచ్చి, మడ్గార్డును విప్పవలెను. బురద కడిగి, ఆరనిచ్చి, త్రుప్పును గీకి చూడవలెను. చెడిన రేకును కోసి క్రొత్తది వెల్డింగు చేయించి, త్రుప్పు నాపు రంగు పూయవలెను. పిమ్మట మడ్గార్డును నిలిపి, బోల్టులన్నిటిని కొలదిగ మాత్రమే త్రిప్పి, తలుపుతోను బోనెట్టుతోను సందు సమముగ నున్నదని చూచుకొని, తుదకు గట్టిగ బిగింపవలెను. ఈ బండి బోల్టులు అంగుళపు కొలతవి. మిల్లీమీటరు బోల్టును బలవంతముగ నెక్కించినచో మరలు చెడును.

“చిన్న చప్పుడునకు ఇంత శ్రమ యేల?” అని యడుగువారు కలరు. ఒక్కొక్కప్పుడు బోల్టు వదులగుటయే దోషము కావచ్చును. అప్పుడు బిగించిన చాలును. కాని రేకు వెనుక చూడనివానికి ఆ మాట చెప్పు నధికారము లేదు.

పరీక్షకు ముందురాత్రి అర్థమెరుగక వల్లించు బాలుడును పుట్టీ మెత్తువాడే. తప్పిన లెక్కకు జవాబు మాత్రము దిద్ది, తప్పెచ్చట పుట్టెనో చూపని యుపాధ్యాయుడును అట్టివాడే. ఆ పని నేనును పలుమారులు చేసితిని. తలిదండ్రులారా, మీ బిడ్డ మార్కులు తగ్గినపుడు మందలించుటకు ముందు, వాని నోటు పుస్తకము తెరచి, మాతో కూడ కూర్చుండి, దోషమెచ్చట నున్నదో చూడుడు. బిగించుట ఆ తరువాతి పని.