పాముకాటు మందు మన ఆరోగ్య కేంద్రంలోనే ఉండాలి

రాత్రిపూట చేనుకు నీరు పెట్టేది మనమే, గట్ల మీద గడ్డి కోసేది మనమే, కొబ్బరి డొక్కల గుట్టలు ఎత్తేదీ మనమే. కాటు పడేదీ మనకే. దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. అందులో ఎక్కువ మంది పల్లెల వాళ్లే.

తాచు, కట్లపాము విషం ఎక్కితే ఊపిరి ఆడదు. రక్తపింజర విషం ఎక్కితే నెత్తురు గడ్డకట్టదు. మూడింటికీ విరుగుడు మందు ఒకటే. మొదటి మోతాదుకే దాదాపు 10 సీసాలు కావాలి. ఊపిరి తగ్గినవారికి అంబు బ్యాగు నొక్కుతూ తీసుకెళ్తే పెద్దాసుపత్రి దాకా ప్రాణం నిలుస్తుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. సీసాలు, బ్యాగు, రాత్రి కూడా శిక్షణ ఉన్న మనిషి ఉంటే చాలు. మొదటి మోతాదు ఎక్కించకుండా అమలాపురమో కాకినాడో వెళ్లమని చీటీ రాయడం వైద్యం కాదు.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అది అల్లవరంలో కనబడాలి. మందు నిల్వ ఎంతో రోజూ బోర్డు మీద రాయాలని మనం అడగాలి.

మన వంతు కూడా ఉంది. గట్టిగా కట్టు కట్టొద్దు, కాటు మీద కోయొద్దు, మంత్రం కోసం కాలం పోగొట్టొద్దు. కాటు పడినవారిని నడిపించకుండా వెంటనే 108కి ఫోన్ చేద్దాం.

2011లో పంట విరామంతో దేశాన్ని కోనసీమ వైపు చూసేలా చేసిన రైతులం. పండించే మనిషి ప్రాణం కోసం అడగలేమా?