చేతిసంచిలో స్టూడియో

ముక్తేశ్వరం నుంచి ఓ సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఆవిడ సీమంతాలకి, బారసాలలకి, ఓణీల ఫంక్షన్లకి ఫొటోలు తీస్తారట.

"ఆడవాళ్ల వేడుకలకి ఆడమనిషే అయితే బావుంటుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిలుస్తున్నారు. పంటు దాటి కోటిపల్లి వైపు, ఒక్కోసారి కాకినాడ దాకా వెళ్తున్నాను. తిరిగొచ్చి, వంటావార్పూ ముగించి, రాత్రి పదింటికి అబ్బాయి పాత కంప్యూటర్ ముందు కూర్చుంటే తెల్లారిపోతోంది. ప్రయాణంలోనే ఆ ఫొటోలు సరిదిద్దుకునేలా ఓ లాప్‌టాప్ కొనాలని ఉంది. చీటీ డబ్బు చేతికొచ్చింది. మావారు మాత్రం 'ఆ ముచ్చటకి అంత డబ్బా?' అంటున్నారు. ఏది కొనాలి? అసలు కొనాలా?" అని అడిగారు.

ఇలాంటి ప్రశ్న చాలామంది గృహిణులకి ఉంటుంది. అందుకని కాస్త వివరంగానే చెప్పుకుందాం.

అసలు కొనాలా?

ముందు ఓ కాగితం తీసుకోండి. నెలకి ఎన్ని ఫంక్షన్లు చేస్తున్నారు, బస్సు ఖర్చులూ పంటు ఛార్జీలూ పోగా ఎంత మిగులుతోంది, రాయండి. లాప్‌టాప్ ఖరీదుని ఆ మిగులుతో భాగించండి. ఏడాది లోపు దాని డబ్బు అదే తెచ్చుకుంటుందని తేలితే అది ముచ్చట కాదు, పనిముట్టు. కుట్టుమిషను కొన్న ఇల్లాలిని ముచ్చటకి కొన్నావా అని ఎవరూ అడగరు కదా! ఆ కాగితమే శ్రీవారి ముందు పెట్టండి.

నెలకి ఒకటీ అరా ఫంక్షను, అదీ సెల్‌ఫోన్‌తో తీసేవాళ్లయితే మాత్రం తొందర పడొద్దు. ఆ పని ఫోన్‌లోనే అయిపోతుంది.

అన్నిటికన్నా ముందు తెర

షాపులో అడుగు పెట్టగానే ఆ ప్రాసెసరు, ఈ జనరేషను అని మొదలెడతారు. ఫొటోల పనికి మొదట చూడాల్సింది తెర. మనం సరిదిద్దేది రంగుల్ని. ఆ రంగుల్ని చూపించేది తెర. తెర అబద్ధం చెబితే మన పనంతా అబద్ధమే.

అదెలాగో చూడండి. పెళ్లికూతురు బండారులంక నేత చీర కట్టుకుంది. ఎర్రటి ఎరుపు. చవకరకం తెర మీద ఆ ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది. 'అయ్యో, రంగు తగ్గిందే' అని మీరు పెంచుతారు. తీరా ఆల్బం అచ్చయి వచ్చాక చీర మంటలా మండిపోతుంది, పిల్ల మొహం కందగడ్డలా ఉంటుంది. ఆ ఆల్బం మళ్లీ అచ్చు వేయించాల్సి వస్తే ఖర్చు మీది, మాట వాళ్లది.

అంచేత పెట్టె మీద వివరాల్లో 'ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం' అనే మాట కోసం వెతకండి. ఫొటో ల్యాబులు మామూలుగా తీసుకునే రంగుల పరిధి అదే. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే ఆ తెర అందులో మూడింట రెండొంతుల రంగులు కూడా పూర్తిగా చూపించలేదని అర్థం. అది ఉత్తరాలు టైపు చేసుకోడానికి చాలు, మీకు చాలదు. తెర ఐపీఎస్ రకం గానీ, ఓలెడ్ రకం గానీ అయి ఉండాలి. వెలుగు కనీసం 300 నిట్స్, వరండాలోనో బస్సులోనో కూర్చుని చెయ్యాలంటే 400 ఉంటే మేలు.

ఈ అంకెలన్నీ గుర్తుండవంటారా? కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర ఆడించి చూస్తాం కదా, ఇదీ అంతే. మీరు తీసిన మూడు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకి వెళ్లండి. ఒకటి ఎర్రచీర కట్టిన మనిషిది. ఒకటి కొబ్బరితోట నీడలో తీసింది. ఒకటి కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో 11 ప్రభలూ కొలువైనప్పటి రంగురంగుల ఫొటో లాంటిది. ఆ మూడూ నాలుగైదు లాప్‌టాప్‌ల మీద పక్కపక్కనే తెరిపించండి. తోట నీడలో ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయా, నల్లటి ముద్దలా ఉందా? తెరని కాస్త ముందుకీ వెనక్కీ వంచితే రంగు మారిపోతోందా? మారితే అది వద్దు. మీ కళ్లకన్నా మంచి పరీక్ష లేదు.

వంటగట్టు, కొట్టుగది, పొయ్యి

మిగతా మూడు మాటలూ వంటింటి లెక్కలో చెప్పుకుంటే తేలిక. ర్యామ్ అంటే వంటగట్టు. ఒకేసారి ఎన్ని గిన్నెలు పెట్టుకోగలమో అది చెబుతుంది. 8 జీబీతో ఇరుకు పడతారు. 16 జీబీ తీసుకోండి. చాలా పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది, తర్వాత పెంచడానికి వీలుపడదు. కొనేముందే అడగాలి.

ఎస్‌ఎస్‌డీ అంటే కొట్టుగది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 'రా' పద్ధతిలో తీసిన ఫొటో ఒక్కోటి సుమారు 25 ఎంబీ ఉంటుందనుకుందాం. ఒక ఫంక్షనుకి 500 తీస్తే 12.5 జీబీ. నెలకి ఆరు ఫంక్షన్లంటే 75 జీబీ. కాబట్టి 256 జీబీ కొట్టుగది మూడు నెలలైనా నిలవదు. 512 జీబీ తీసుకుని, పాతవి విడి డ్రైవులోకి సర్దుకోండి.

ప్రాసెసరు పొయ్యి లాంటిది. ఇంటెల్‌లో కోర్ 5, ఏఎండీలో రైజెన్ 5 తరగతివి, ఈ మధ్య తరాలవి అయితే మన పనికి సరిపోతాయి. ఆటల కోసం చేసే లాప్‌టాప్‌లు వేగంగానే ఉంటాయి గానీ, 2 కేజీల పైమాటే, బరువైన ఛార్జరు అదనం, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు వీడియోలు చేసేవాళ్లకి పనికొస్తుంది. వెలుగూ రంగూ సరిచేసి ఆల్బం కూర్చడానికి అది లేకపోయినా గడుస్తుంది.

యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ సంగతీ కొందరు అడుగుతుంటారు. 13 అంగుళాలది 1.24 కేజీలే, తెర బాగుంటుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. 2024 అక్టోబరు నుంచి ఎయిర్‌లో కనీసం 16 జీబీ ర్యామ్ ఇస్తున్నారు. కాకపోతే కెమెరా కార్డు పెట్టే గాడి లేదు, కార్డు రీడరు విడిగా కొనుక్కోవాలి. ఖరీదూ ఎక్కువే. మీ ఆల్బం సాఫ్ట్‌వేర్ అందులో పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి.

అన్నట్టు, సాఫ్ట్‌వేర్‌కీ డబ్బు కావాలి. లైట్‌రూమ్ కావాలంటే చందా కడుతూ ఉండాలి. డార్క్‌టేబుల్, గింప్ ఉచితం. మొదటి ఆరునెలలూ వాటితోనే చేతిని అలవాటు చేసుకోవచ్చు.

దారిలో పని

1981లో వచ్చిన ఆస్‌బర్న్ 1 అనే 'చేత పట్టుకుపోయే' కంప్యూటరు దాదాపు 11 కేజీలు ఉండేది! ఇప్పుడు 14 అంగుళాలవి కేజీన్నర లోపే దొరుకుతున్నాయి. భుజాన కెమెరా, లెన్సులు, చేతిలో తాంబూలం సంచీ మోసుకుంటూ పంటు ఎక్కే మనకి ఆ అరకేజీ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

టైప్-సీ తీగతో ఛార్జ్ అయ్యేదే ఎంచుకోండి. కరెంటు లేనప్పుడు పవర్‌బ్యాంకుతో నడుపుకోవచ్చు. మామూలు ఫోను పవర్‌బ్యాంకు సరిపోదు. లాప్‌టాప్‌కి పనికొచ్చే, 65 వాట్లు ఇచ్చే 'పీడీ' రకం అడగండి. విమానం ఎక్కే పని పడితే పవర్‌బ్యాంకు చేతిసామానులోనే పెట్టుకోవాలి. 100 వాట్-అవర్ల లోపుదైతే ఇబ్బంది లేదు.

పంటు మీద ఎండలో మాత్రం రంగులు దిద్దకండి. ఏ తెరా ఆ వెలుగులో నిజం చెప్పదు. అక్కడ మంచివి ఏరుకోవడం, కళ్లు మూసుకున్నవి తీసెయ్యడం చేసుకోండి. సగం పని అదే. రంగుల పని గదిలో కూర్చున్నాక. అప్పుడు రాత్రిపూట తెరని పసుపుపచ్చగా మార్చే నైట్ లైట్ ఆపెయ్యండి. తెర వెలుగు పూర్తిగా పెంచి దిద్దితే అచ్చులో ఫొటోలు చీకటిగా వస్తాయని కూడా గుర్తుంచుకోండి.

పోతే రానివి

లాప్‌టాప్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ పాప బారసాల మళ్లీ జరగదు. అందుకని డబ్బంతా లాప్‌టాప్ మీదే పెట్టెయ్యకుండా, ఓ విడి డ్రైవుకి తప్పనిసరిగా మిగుల్చుకోండి. ఫొటోలు లాప్‌టాప్‌లోకి, డ్రైవులోకి రెండు చోట్లా ఎక్కేదాకా కెమెరా కార్డు తుడవద్దు. లాప్‌టాపూ డ్రైవూ ఒకే సంచీలో పెట్టొద్దు. ఒకటి నీళ్లపాలైతే రెండోది దక్కుతుంది. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చుగా అంటే, 10 ఎంబీపీఎస్ వేగంతో 12.5 జీబీ పంపాలంటే దాదాపు మూడు గంటలు. రాత్రి పడుకోబోయే ముందు పెట్టి వదిలెయ్యండి.

మన గోదారి గాలిలో తేమ ఎక్కువ. సంచీలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగుతుందని ఎవరైనా చెప్పినా వినకండి, బియ్యపు పొడి సందుల్లోకి పోతుంది. ఏసీ గదిలోంచి ఉక్కలోకి తెచ్చాక ఓ అరగంట సంచీలోనే ఉంచి అప్పుడు తెరవండి.

షాపుకి వెళ్లేముందు కాగితం మీద రాసుకోండి

తెర ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం. ర్యామ్ 16 జీబీ. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. బరువు కేజీన్నర లోపు. టైప్-సీ ఛార్జింగ్. మన పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి రిపేరు చేసే వారంటీ. సీరియల్ నంబరు వేసిన బిల్లు.

డబ్బు తక్కువ పడితే ప్రాసెసరు దగ్గర ఓ మెట్టు దిగండి. తెర దగ్గర మాత్రం దిగొద్దు. ఇక మీకు బేరమాడడం ఎలాగో మేం నేర్పాలా!