కరిగినంత మాత్రాన చాలునా?

ఉప్పు నీటిలో కరుగుతుంది; నూనె కరగదు. బాల్యంలోనే తెలుసుకొన్న ఈ సత్యం జీవరసాయన శాస్త్రజ్ఞులకు నేటికీ ఒక చిక్కు సమస్యగానే నిలిచియున్నది. కణత్వచాన్ని అంటిపెట్టుకొని పనిచేసే ఎంజైములలో, త్వచంలో నాటుకొనే భాగానికి పొత్తు నూనెతోనే గాని నీటితో కాదు. అట్టి ఎంజైము జన్యువును ఇ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెట్టినపుడు, తయారైన ప్రోటీను తరచుగా సరియైన ఆకృతి పొందక ముద్దకట్టి నిరుపయోగమవుతుంది.

దీనికి కనుగొన్న ఉపాయాలలో ముఖ్యమైనది, బాగా కరిగే మరొక ప్రోటీనును దానికి జతచేయడం. ఈత రానివానికి గజ ఈతగాణ్ణి తోడిచ్చినట్లన్నమాట. ఈ జోడునే ఫ్యూజన్ ట్యాగ్ అంటారు. జతచేసే పద్ధతి క్రొత్తది కాదు. 1977లో 14 అమైనో ఆమ్లాలు గల సొమాటోస్టాటిన్ హార్మోనును బాక్టీరియా నాశనం చేయకుండ, బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైముతో జోడించి తయారుచేశారు. నేడు కరిగే గుణం కొరకు మాల్టోజ్ బంధక ప్రోటీను, థయోరెడాక్సిన్, సుమో మొదలైనవి వాడుకలో ఉన్నవి. 2015లో ప్రకటితమైన ఒక పద్ధతిలో, త్వచ ప్రోటీనుకు ఒక కొసన మాల్టోజ్ బంధక ప్రోటీనును, రెండవ కొసన అపోలిపోప్రోటీన్ ఏ-1ను జోడించి నీటిలో కరిగేటట్లు చేయగలిగారు.

ఇదంతా అభినందనీయమే. కాని కరిగినదంతా పనిచేస్తుందని భావించడం పొరపాటని నా అభిప్రాయం. తెల్లనివన్నీ పాలు కావు. జోడు బలమైనదైనపుడు, వక్రంగా ముడుచుకొన్న ప్రోటీను సైతం కరిగినట్లే కనిపించవచ్చును. ట్యాగును కోసివేసిన వెంటనే అడుగున పేరుకొనవచ్చును. జెల్ మీద కనిపించే దట్టమైన పట్టీ, ప్రోటీను ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఎంజైము పనిచేస్తున్నదని చెప్పదు.

సైటోక్రోమ్ పి450 ఎంజైములనే తీసుకొందాము. మన కాలేయంలో అనేక ఔషధాలను మార్పుచెందించేవి ఇవే. క్షయకరణం చెందించి కార్బన్ మోనాక్సైడుతో కలిపినపుడు, 450 నానోమీటర్ల వద్ద కాంతిని అధికంగా శోషించుకొనుటచేతనే వీటికా పేరు వచ్చినది. ఆకృతి చెడినచో ఆ శిఖరం 420 వద్దకు జరుగుతుంది. అనగా, మంచిచెడ్డలను చెప్పే పరీక్ష పేరులోనే ఇమిడియున్నది! 1991లో ఈ వర్గపు ఎంజైమును ఒకదానిని, ఆవు జన్యువు నుండి, పెద్ద ట్యాగు ఏదీ లేకుండనే ఇ. కోలైలో తయారుచేశారు. జన్యువు ఆరంభంలోని కొద్ది సంకేతాలను మాత్రమే మార్చారు. అది బాక్టీరియా త్వచంలోనే నిలిచి, తన పని తాను చేసినది. కరగడమే పరమావధి కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

విద్యార్థి మిత్రులారా! ట్యాగును వాడండి, కాని దానిని తొలగించి చూడండి, ఎంజైము క్రియాశీలతను కొలిచి చూడండి. కళాశాల పాలకవర్గం పెద్దలకు, అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ప్రయోగ పరీక్షలలో జెల్ పట్టీకి ఇచ్చే విలువను క్రియాశీలత కొలతకు కూడ ఇవ్వవలెను. “ప్రోటీను కరిగినది, కాని పనిచేయలేదు” అని ఉన్నదున్నట్లు వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గరాదు. తగ్గుతవన్న భయం ఉన్నచోట అందమైన పట్టీలు పెరుగుతవి గాని శాస్త్రం పెరగదు.

తోడున్నంతసేపు నీటిపై తేలినవాడు ఈతగాడు కాడు. తోడు వదలిన పిమ్మట ఒడ్డు చేరినవాడే ఈతగాడు.