ఉద్యోగంతోపాటే బీమా పోవాలా?

ఆఖరి పనిదినం సాయంత్రం ల్యాప్‌టాప్ అప్పగించి, మెడలోని ఐడీ కార్డు తీసి టేబుల్ మీద పెట్టి బయటికొచ్చిన ఉద్యోగి దగ్గర కొన్ని కాగితాలు మిగులుతాయి. రిలీవింగ్ లెటర్ ఉంటుంది. రావాల్సిన జీతం లెక్క ఉంటుంది. పీఎఫ్ నంబరు ఉండనే ఉంటుంది. ఫోన్లో ఆరోగ్య బీమా ఈ-కార్డు కూడా అలాగే కనిపిస్తూ ఉంటుంది, పేరుతో, ఫొటోతో సహా. చాలా కంపెనీల్లో ఆ కార్డు ఆ రాత్రి పన్నెండింటికే చెల్లకుండా పోతుంది. ఆ సంగతి చాలామందికి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డాక గానీ తెలియదు.

ఈ కథ మొదలయ్యేది మాత్రం కొన్నేళ్ల ముందు, ఇంట్లో. అబ్బాయికో అమ్మాయికో తొలి ఉద్యోగం వస్తుంది. ఆ ఏడాది నాన్న పాలసీ రెన్యువల్‌కు ఏజెంట్ ఫోన్ చేస్తాడు. ‘పిల్లలకు కంపెనీ ఇస్తోంది కదండీ, పేరు తీసేస్తే ప్రీమియం కాస్త తగ్గుతుంది’ అంటాడు. నాన్న హైదరాబాద్‌లో ఉన్న బిడ్డకు ఫోన్ కలుపుతాడు. ‘తీసేయండి నాన్నా, మాకు ఆఫీసులో అయిదు లక్షలుంది’ అని అటునుంచి జవాబు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో ఎవరూ తప్పు చేశామనుకోరు. డబ్బు ఆదా అయిందనే అనుకుంటారు. ఈ నిర్ణయం తప్పని మేము గట్టిగా చెబుతున్నాం. ఆ తప్పును ఇంత సులువు చేసిపెట్టిన వ్యవస్థది అంతకన్నా పెద్ద తప్పు.

ఆరోగ్య బీమాలో మనం కట్టేది డబ్బే అయినా, కూడబెట్టుకునేది కాలాన్ని. కొత్తగా పాలసీ తీసుకుంటే ప్రమాదాలకు తప్ప తొలి 30 రోజులు దేనికీ క్లెయిమ్ రాదు. హెర్నియా, కంటిశుక్లం వంటి జాబితాలోని జబ్బులకు ఏళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకైతే గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్ దాకా అది నాలుగేళ్లు ఉండేది. పాలసీ అయిదేళ్లు తెగకుండా నడిస్తే ‘మీరు ఫలానా విషయం చెప్పలేదు’ అంటూ క్లెయిమ్ తోసిపుచ్చే వీలు, మోసం రుజువైన సందర్భాల్లో తప్ప, సంస్థకు ఉండదు. ఇదీ ఒకప్పుడు ఎనిమిదేళ్లు. పదేళ్ల వయసు నుంచి నాన్న పాలసీలో ఉన్న పిల్ల ఇరవై మూడో ఏటికి ఈ గడువులన్నీ దాటేసి ఉంటుంది. పేరు తీసేసిన రోజున ఆ పదమూడేళ్లు లెక్కలోంచి చెరిగిపోతాయి. ప్రభుత్వోద్యోగుల ఇళ్లలో ‘సర్వీసు బ్రేక్’ అనే మాట వింటేనే ఉలిక్కిపడతారు. అదే ఇళ్లలో పిల్లల బీమాకు సర్వీసు బ్రేక్ పడుతుంటే ఎవరికీ పట్టడం లేదు.

కంపెనీ బీమాను తీసిపారేయాలని కాదు. దాని మేలు దానికుంది. ముందే ఉన్న జబ్బుకు మొదటి రోజు నుంచే వర్తించే గ్రూప్ పాలసీలు చాలా ఉన్నాయి. కాన్పు ఖర్చు వస్తుంది. కొన్ని కంపెనీలు తల్లిదండ్రులను కూడా చేర్చుకోనిస్తాయి. షుగరూ బీపీ ఉన్న అరవై ఏళ్ల తండ్రికి బయట పాలసీ దొరకడం ఎంత కష్టమో తెలిసిన బిడ్డకు ఇది పెద్ద ఊరట. ఉన్నన్నాళ్లూ నిరభ్యంతరంగా వాడుకోవాల్సిందే. అయితే ఆ పాలసీ ఉద్యోగిది కాదు. కంపెనీకీ బీమా సంస్థకూ మధ్య ఏడాదికోసారి కుదిరే ఒప్పందం అది. వచ్చే ఏడాది బీమా మొత్తం తగ్గించినా, తల్లిదండ్రులను తొలగించినా, బిల్లులో పదో వంతు మీరే పెట్టుకోండన్నా ఉద్యోగిని అడిగేవారుండరు. కంపెనీ క్యాబ్ లాంటిదది. ఇంటి గుమ్మం దాకా వస్తుంది, రోల్స్‌లో పేరున్నన్నాళ్లే.

ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో చేరిన యువకుడినే తీసుకుందాం. పన్నెండేళ్లలో మూడు కంపెనీలు మారాడు. ప్రతిచోటా బీమా ఉంది, సొంత పాలసీ అవసరమే కనపడలేదు. ముప్పయ్యో ఏట షుగర్ బయటపడింది. మన నగరాల్లో ఆ వయసుకే షుగర్ రావడం ఇప్పుడు వింతేమీ కాదు. ముప్పై నాలుగులో కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంది, ఉద్యోగం పోయింది. ఇప్పుడు సొంత పాలసీకి వెళితే షుగర్ సంగతి ఫారంలో రాయాలి. సంస్థ ప్రీమియం పెంచవచ్చు, మూడేళ్లు ఆగమనవచ్చు, అసలు పాలసీయే ఇవ్వననవచ్చు. పన్నెండేళ్లపాటు ఏదో ఒక బీమా కింద ఉన్నా ఆ ఏళ్లను చూపించుకోవడానికి అతని దగ్గర ఏ కాగితమూ ఉండదు. జీతం ఆగిన నెలలోనే రక్షణా పోతుంది. బీమా అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేదీ ఆ నెలలోనే.

అలాగని నాన్న పాలసీలోనే ఉండిపోతే సరిపోతుందా? సరిపోదు. ఇక్కడ చాలామంది గమనించని గుంట ఒకటుంది. ఇలాంటి కుటుంబ పాలసీలో, అంటే ఫ్యామిలీ ఫ్లోటర్‌లో, పిల్లలకు వయసు పరిమితి సాధారణంగా 25. దానికి తోడు ‘ఆధారపడిన సంతానం’ అనే నిర్వచనం ఉంటుంది. పెళ్లి కాకూడదు, సొంత సంపాదన ఉండకూడదు అని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్‌లోనూ కొడుక్కు 25 ఏళ్లు నిండడం, సంపాదన మొదలవడం, పెళ్లి కావడం, ఈ మూడింటిలో ఏది ముందొస్తే అక్కడితో సరి. అందుకే జీతం తెచ్చుకుంటున్న అబ్బాయిని మాట్లాడకుండా ఫ్లోటర్‌లో కొనసాగిస్తే ప్రీమియం ఏటా కట్టించుకుంటారు, క్లెయిమ్ వచ్చినప్పుడు నిర్వచనం తీసి చూపిస్తారు. పైగా ఫ్లోటర్ అంటే ఇంటిల్లిపాదికీ ఒకే మూట. అయిదు లక్షల పాలసీలో నాన్న గుండెకు స్టెంటు వేసి నాలుగు లక్షలు ఖర్చయితే, ఆ ఏడాదికి మిగతా ముగ్గురికీ కలిపి మిగిలేది లక్షే. ప్రీమియం కూడా ఇంట్లో పెద్దవారి వయసును బట్టే పెరుగుతుంది. ఆ మూటలోంచి పిల్లలు బయటికి రావడమే తల్లిదండ్రులకూ మేలు. వచ్చే తీరు మాత్రం సరిగ్గా ఉండాలి.

ఆ తీరు మన నిబంధనల్లోనే ఉందన్నది ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. ఫ్లోటర్‌లోని పిల్లలు వయసు పరిమితికి చేరినప్పుడు, పాలసీ తెగకుండా నడిచి ఉంటే, పాత ఏళ్లకు లెక్క కట్టి వారికి తగిన మరో పాలసీకి మారే అవకాశం ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2016 నాటి ఆరోగ్య బీమా నిబంధనలే చెప్పాయి. కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి బయటికొచ్చే ఉద్యోగి, అతని కుటుంబం అదే బీమా సంస్థ దగ్గర వ్యక్తిగత పాలసీకి మారేందుకూ అవకాశం ఉంది. గ్రూప్‌లో గడిపిన కాలాన్ని ఆగాల్సిన గడువుల్లోంచి తగ్గించాలి. 2011 నుంచి ఒక సంస్థ పాలసీని మరో సంస్థకు మార్చుకునే పోర్టబిలిటీ కూడా ఉంది. తలుపులైతే పెట్టారు. అవి ఎక్కడున్నాయో చెప్పేవారేరి? రిలీవింగ్ లెటర్‌లో దీని గురించి ఒక్క వాక్యం ఉండదు. రాజీనామా చేసిన ఉద్యోగికి హెచ్ఆర్ పంపే మెయిల్‌లో పార్కింగ్ స్టిక్కర్ తిరిగివ్వడం దాకా అన్నీ ఉంటాయి, ఇది తప్ప. తెలిసి అడిగినవారి విషయంలోనూ దరఖాస్తును మళ్లీ మొదటి నుంచి పరిశీలించే వెసులుబాటు సంస్థలకుంది. ఉద్యోగం పోయిన దిగులులో ఉన్న మనిషి గడువులోగా ఇవన్నీ కనుక్కుని, ఫారాలు నింపి, ఫోన్లు చేసి సాధించుకోవాలట. అంత శ్రమ పడితే గానీ దొరకని దాన్ని హక్కు అనడానికి మాకు మనసొప్పడం లేదు.

పీఎఫ్‌లోనూ ఒకప్పుడు ఇదే గోల. కంపెనీ మారినప్పుడల్లా కొత్త ఖాతా, పాత డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడు. 2014లో యూఏఎన్ వచ్చింది. ఒక మనిషికి ఒకే నంబరు. ఎన్ని కంపెనీలు మారినా అదే వెంట వస్తుంది. ఈ దేశంలో చేయగలిగిన పనేనని అక్కడ రుజువైంది. ఆరోగ్య బీమాకు అలాంటి నంబరు ఎందుకు ఉండకూడదు? ఫలానా మనిషి ఏ సంవత్సరం నుంచి, ఏ పాలసీల కింద, తెగకుండా బీమాలో ఉన్నాడో చూపే ఒకే లెక్క కావాలి. తండ్రి ఫ్లోటర్‌లో గడిపిన ఏళ్లు, కంపెనీ గ్రూప్‌లో గడిపిన ఏళ్లు, సొంత పాలసీ ఏళ్లు అందులో ఒక వరసలో కనపడాలి. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే. దాని చుట్టూ ఉన్న అద్దాల భవనాల్లోనే ఈ పిల్లలు పనిచేస్తున్నారు.

ఐఆర్‌డీఏఐని మేము కోరేది ఇది. ఉద్యోగి దరఖాస్తు పెట్టుకుంటేనే మార్పు అనే పద్ధతిని తిరగేయాలి. ఉద్యోగం వదిలిన రోజునే బీమా సంస్థ తనంత తానుగా వ్యక్తిగత పాలసీ ప్రతిపాదన పంపాలి. ప్రీమియం ఎంత, పాత ఏళ్లలో ఎన్ని లెక్కకొచ్చాయి అన్నది తెలుగులోనూ రాసి పంపాలి. అవునో కాదో చెప్పడానికి కనీసం 60 రోజులివ్వాలి. ఆ 60 రోజులూ పాత రక్షణ కొనసాగాలి. వరసగా మూడేళ్లు గ్రూప్‌లో ఉన్నవారికి జబ్బు సాకు చూపి పాలసీ నిరాకరించే అధికారం సంస్థకు ఉండకూడదు. వయసు పరిమితి దాటుతున్న పిల్లల విషయంలోనూ అంతే. రెన్యువల్ నోటీసులో వారి పేరు గుట్టుచప్పుడు కాకుండా మాయమయ్యే పద్ధతి పోవాలి. దీనివల్ల ప్రీమియంలు పెరుగుతాయని బీమా సంస్థలు అభ్యంతరం చెబుతాయి, తెలుసు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల వారు లక్షల సంఖ్యలో ముప్పై ఏళ్లపాటు తెగకుండా ప్రీమియం కట్టడం కన్నా ఏ బీమా సంస్థకైనా కావాల్సిందేముంది? జబ్బు చేశాక పరుగెత్తుకొచ్చేవారి వల్ల నష్టమని వాపోయే సంస్థలే, జబ్బు రాకముందే వచ్చినవారిని వదులుకుంటున్నాయి.

అమెరికాలో పిల్లలున్న మన కుటుంబాలకు అక్కడి పద్ధతి తెలిసే ఉంటుంది. 2010లో ఒబామా సంతకం చేసిన చట్టం ప్రకారం తల్లిదండ్రుల ప్లాన్‌లో సంతానానికి చోటుంటే అది 26 ఏళ్లు నిండేదాకా ఉండాల్సిందే. ఉద్యోగం ఉన్నా, పెళ్లయినా, వేరే ఊళ్లో ఉన్నా సరే. ఆ వయసు దాటితే బీమా మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ప్లాన్ ఎంచుకోవడానికి 60 రోజుల ప్రత్యేక గడువిస్తారు. ముందే జబ్బుందన్న కారణంతో కాదనడానికి వీల్లేదు. అక్కడి వైద్యం ఖర్చు గురించి మంచి మాట చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ ఒక బీమా నుంచి ఇంకో బీమాకు మారే సందులో మనిషి పడిపోకూడదన్న జాగ్రత్త ఆ చట్టంలో ఉంది. మనం తెచ్చుకోవాల్సింది ఆ జాగ్రత్తను.

ఖర్చు మాటకొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. మంచి పని. కానీ ప్రీమియంపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే మిగిలింది. తొలి జీతం అందుకునే పిల్లల్లో ఎక్కువమంది కొత్త విధానంలో ఉంటున్నారు. సొంత పాలసీకి వారిని పురిగొల్పాల్సిన వయసులోనే ఆ చిన్న ప్రోత్సాహం లేకుండా పోయింది. దాన్ని కొత్త విధానంలోనూ ఇవ్వాలి. ఇంకో మాట. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వైద్య బీమా ఉంటుంది. జీతం ఆ గీత దాటాక వారూ వారి కుటుంబమూ దానికి దూరమవుతారు. 2017 నుంచి ఆ గీత కదల్లేదు. ఇంక్రిమెంటు వచ్చిందని సంతోషించిన షోరూం ఉద్యోగి ఇంట్లో అమ్మ మందులు ఆగిపోయే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నిబంధనలు మారేదాకా ఇళ్లలో చేయగలిగింది కొంత ఉంది. రెన్యువల్‌కు ఏజెంట్ ఫోన్ చేసినప్పుడు ‘తీసేయండి’ అని చెప్పే ముందు పాలసీల ఫైలు బయటికి తీయాలి. అబ్బాయి పేరు అందులోకి ఏ సంవత్సరం చేరిందో చూడాలి. ఆ ఏళ్లన్నీ లెక్కకొచ్చేలా అతని పేరు మీద విడిగా పాలసీ ఇవ్వమని సంస్థకు రాతపూర్వకంగా అడగాలి. వేరే సంస్థకు మారదలచుకుంటే గడువుకు కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు వెళ్లాలి కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకూడదు. తొలి జీతంలోంచి ఆ ప్రీమియం అబ్బాయే కట్టాలి. బీమా మొత్తం చిన్నదైనా ఫర్వాలేదు, పెద్ద బిల్లులను ఎలాగూ ముందు కంపెనీ పాలసీ మోస్తుంది, తర్వాత టాపప్ తీసుకోవచ్చు. కొత్త పాలసీ వచ్చాక దాని మొదటి పేజీలో ‘ఎప్పటి నుంచి’ అనే గడిలో పాత సంవత్సరమే ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ముప్పై రోజుల్లోపే తిప్పి పంపి సరిచేయించుకోవాలి.