ఆటస్థలం ఎవరికోసం?

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. మరి అడగడం చేతకానివారి మాటేమిటి? మన పేటలోని పార్కును బాగుచేయాలనుకొన్నప్పుడు ఈ ప్రశ్న తప్పక వేసుకోవాలి.

బెంగళూరుకు ఉద్యాననగరమని పేరు. 1760లో హైదరాలీ ప్రారంభించిన లాల్‌బాగు, 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కు ఆ పేరును నిలిపాయి. కాని పిల్లలు రోజూ ఆడుకొనేదీ, వృద్ధులు సాయంత్రం సేదదీరేదీ పేటలోని చిన్న పార్కులలోనే. ఇటువంటి స్థలాలను కాపాడడానికి కర్ణాటకలో 1985లో ఒక చట్టం వచ్చింది. రాజమహల్ విలాస్ విస్తరణలో పార్కుకోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించినప్పుడు అక్కడి నివాసులు న్యాయస్థానానికి వెళ్ళారు. అది పార్కుగానే ఉండాలని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రజలు నోరు విప్పారు కనుక స్థలం దక్కింది.

స్థలం దక్కితే చాలదు. అందులో ఏముండాలో కూడ వాడుకొనేవారే చెప్పాలి. సాధారణంగా ఏం జరుగుతుంది? ఎవరో కార్యాలయంలో కూర్చుని పటం గీస్తారు. ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు, చుట్టూ ఇనుపకంచె వస్తాయి. పశువులు, మోటారుసైకిళ్ళు లోపలికి రాకుండా వాకిట ఇరుకైన తిరుగుడు ద్వారం పెడతారు. చక్రాలకుర్చీలో వచ్చిన పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. ద్వారం పెట్టినవారికి వాడిపై కోపమేమీ లేదు. వాడు వారికి గుర్తుకు రాలేదు, అంతే.

ఈ మరపును సరిదిద్దడానికి పూనుకొన్నవారు బెంగళూరులోనే ఉన్నారు. వైకల్యంగల పిల్లల తల్లిదండ్రులు కొందరు 'కిలికిలి' అనే సంస్థగా ఏర్పడి, నగరపాలికతో కలిసి పనిచేశారు. కోల్స్ పార్కులోను, బసవనగుడిలోని ఎం.ఎన్. కృష్ణారావు పార్కులోను అందరు పిల్లలూ కలిసి ఆడుకొనే ఏర్పాట్లకు కృషి చేశారు. ఇందుకు కావలసినవి పెద్ద వింతలు కావు. మెట్లకు బదులు వాలుబాట, వీపు ఆనించుకొనే వీలున్న ఉయ్యాల, కుర్చీ దిగకుండానే చేతికందే ఇసుకతొట్టి ఉంటే ఎంతో మేలు. అయితే అవి కావాలని తెలిసేది ఆ పిల్లలను, వారి తల్లులను అడిగినప్పుడే.

అందరినీ అడుగుతూ కూర్చుంటే పని సాగదని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. ఒకరికి నడకబాట కావాలి, ఒకరికి క్రికెట్టు కావాలి, మరొకరికి నిశ్శబ్దం కావాలి. అయినా అడగకుండా కట్టి, తరువాత పగలగొట్టడం కంటె రెండు ఆదివారాలు కూర్చుని మాట్లాడుకోవడం చవక. అందరి కోరికా తీరనప్పుడు, వేరేచోటికి వెళ్ళే శక్తి లేనివారికే మొదటి వంతు ఇవ్వాలని నా అభిప్రాయం. కారున్నవారు దూరంలోని క్రీడామైదానానికి వెళ్ళగలరు. ఒంటిగది ఇంటిలోని పసివాడికి వీధిచివరి పార్కే మైదానం.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఆటను హక్కుగా గుర్తించింది. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు కూడ పిల్లలకు ఉందన్నది. 1992లో మన దేశం దానిని అంగీకరించింది.

విద్యార్థులారా! ఈ సాయంత్రం మీ పేటలోని పార్కుకు వెళ్ళండి. అక్కడ ఎవరెవరున్నారో చూడండి. ఆ తరువాత ఎవరు లేరో ఆలోచించండి. రానివారి ఇంటికి వెళ్ళి, ఎందుకు రాలేదో అడగండి. వారు చెప్పినది రాసి నగరపాలికకు పంపండి. అడగలేనివారి తరఫున అడగడం కూడ పౌరధర్మమే.