ఎండకు కౌలు వచ్చింది, మరి కూలికి?



మిట్టేమరి ఎండ గురించి మిట్టేమరి వారికి చెప్పనక్కరలేదు. చిక్కబళ్ళాపుర జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. చిత్రావతి కూడా వాన పడితేనే నది. బోరు వెయ్యి అడుగులు దిగినా నీరు తగులుతుందన్న భరోసా లేదు. రాగి, వేరుశనగ పోయిన ఏడాది మన పిల్లలు బాగేపల్లి వెళ్ళి బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఇంతకాలం ఈ ఎండను శాపం అనుకున్నాం. ఇప్పుడు ప్రభుత్వాలు దీన్నే సంపద అంటున్నాయి.

పరిశ్రమల గురించి ప్రపంచం మాట్లాడే తీరు మారింది. 2020లో ఐరోపా సమాఖ్య తన కొత్త పారిశ్రామిక విధానానికి రెండు గురులు పెట్టుకుంది: పర్యావరణానికి హాని చేయని ఉత్పత్తి, డిజిటల్ పరిజ్ఞానం. కరోనా దెబ్బ తర్వాత, కష్టకాలంలో కూలిపోకుండా నిలబడే శక్తినీ వాటికి జోడించింది. మన దగ్గర కూడా ఇదే మాట. కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన 2025-30 పారిశ్రామిక విధానం ఏడున్నర లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, 20 లక్షల ఉద్యోగాలు తెస్తామంటోంది. పొగ తగ్గాలి, పని పెరగాలి. ఎవరు కాదంటారు? అయితే ఈ లెక్కలో భూమి లేని కూలి మనిషి ఎక్కడున్నాడు?

జవాబు కోసం దూరం పోనక్కరలేదు. తుమకూరు జిల్లాలోని పావగడ మనలాగే తెలుగు మాట్లాడే కరువు తాలూకా. అక్కడ ఐదు ఊళ్ళ పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు వెలిసింది. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమైంది. మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. దీనిలో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. ప్రభుత్వం రైతుల భూమిని లాక్కోలేదు, కౌలుకు తీసుకుంది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు. వాన కోసం ఆకాశం వైపు చూసిన రైతుకు ఎండ మీదే కౌలు వచ్చింది. భూమి కూడా అతని పేరునే ఉంది.

కాని ఆ పొలాల్లో కలుపు తీసినవారు, కాయలు కోసినవారు, ఆ బీళ్ళలో గొర్రెలు మేపినవారు ఏమయ్యారు? వారికి కౌలు రాలేదు, ఎందుకంటే వారికి భూమి లేదు. పలకలు పరిచాక పొలం పని లేదు. కొందరికి గడ్డి కోయడం, పలకలు తుడవడం, కాపలా కాయడం వంటి పనులు దొరికాయి. 13,000 ఎకరాల సేద్యం పెట్టే కూలికి అవి సాటి రావు. మిగిలినవారు వలస పోయారు. భూమి లేనివారిలో దళితులే ఎక్కువని ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు.

ఇక్కడ చట్టంలోని ఒక సందును గమనించాలి. 2013 భూసేకరణ చట్టం ‘నష్టపోయిన కుటుంబం’ అంటే భూయజమాని మాత్రమే కాదంటుంది. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద బతికిన కూలీలను, కౌలుదారులను కూడా ఆ లెక్కలో చేర్చింది. కాని కౌలుకు తీసుకోవడం సేకరణ కాదు కదా! కాబట్టి ఆ రక్షణ వర్తించలేదు. రైతుకు మేలు చేసిన ఏర్పాటే కూలికి తలుపు మూసింది. ఇది ఎవరి దుర్మార్గమూ కాకపోవచ్చు. విధానం రాసినవారి కంటికి కూలి కనబడలేదు, అంతే.

డిజిటల్ సంగతీ ఇంతే. కర్ణాటక ‘భూమి’ పథకం పహణీలను కంప్యూటర్‌లోకి ఎక్కించి దేశానికే దారి చూపింది. అది మంచి పనే. అయితే కంప్యూటర్‌కు పుస్తకంలో ఉన్న పేరే తెలుసు. పహణీలో లేని మనిషి తెర మీదా ఉండడు. తెర చూసి కౌలు పంచితే అతనికి సున్నా.

లేవీయకాండములోని కోత నియమం మనకు తెలుసు. పొలం అంచుల వరకు కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి. రూతు బోయజు పొలంలో అడుగుపెట్టింది ఆ హక్కుతోనే. అది బోయజు పెట్టిన భిక్ష కాదు. పంటతోపాటే రాసి ఉన్న వాటా. సౌర పొలంలో పరిగె ఏది? పలకల మధ్య రాలే వెన్ను ఉండదు. కనుక ఆ వాటాను విధానంలోనే రాయాలి.

పరిశ్రమ వస్తే పని అదే వస్తుందని కొందరంటారు. వస్తుంది, కాని ఎలాంటి పని? 2020 డిసెంబరులో కోలారు జిల్లా నరసాపురలో ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ కర్మాగారంలో కార్మికుల ఆగ్రహం బద్దలైంది. విధ్వంసాన్ని సమర్థించలేం. కాని కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని ఆ సంస్థే ఒప్పుకుంది. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద చేరిన యువతే. నెల జీతం నిలకడగా అందని చోట నిలదొక్కుకునే ఆర్థిక వ్యవస్థ అన్న మాటకు అర్థం లేదు.

వేరే దారి లేదా? మన బాగేపల్లిలోనే ఉంది. అడాట్స్ సంస్థ, కూలి సంఘం కలిసి ఐదు తాలూకాల్లో 5,500 కుటుంబాలకు గోబర్ గ్యాస్ ప్లాంట్లు తలపెట్టాయి. క్యోటో ఒప్పందం కింద 2005లో ఆ పథకం నమోదైంది. తగ్గిన పొగకు విదేశాల నుంచి కర్బన క్రెడిట్ల డబ్బు వచ్చింది. కట్టెల మోపు తప్పింది, వంటింట్లో పొగ తగ్గింది. అన్నిటికీ మించి, పచ్చని పథకానికి సొంతదారులు కూలి కుటుంబాలే అయ్యారు. 2012 తర్వాత ప్రపంచ విపణిలో ఆ క్రెడిట్ల ధర పడిపోయిందన్నది నిజమే. దూరపు విపణి మీదనే పేదల పథకాన్ని నిలబెట్టకూడదనీ, సొంత ప్రభుత్వ విధానం దానికి ఊతం కావాలనీ ఆ అనుభవం చెబుతోంది.

ముందే నోరు విప్పితే ఫలితం ఉంటుందని దేవనహళ్ళి రుజువు చేసింది. చన్నరాయపట్టణ హోబళిలో 1,777 ఎకరాల సేకరణకు ఎదురు నిలిచి రైతులు వెయ్యి రోజులకు పైగా కూర్చున్నారు. 2025 జూలై 15న ప్రభుత్వం ఆ సేకరణను విరమించుకుంది. నాబోతుకు అండగా ఊరు నిలబడి ఉంటే ఆ కథ మరోలా ముగిసేదేమో!

రేపు మన హోబళికి సౌర పార్కు రావచ్చు, కర్మాగారం రావచ్చు. వద్దని మనం అనడం లేదు. మూడు సంగతులు మాత్రం ముందే రాయించుకోవాలి. కరెంటు ఆదాయంలో భూమిలేని కుటుంబాలకు ఏటా ఒక వాటా. ప్లాంటు మొదలుకాక ముందే ఊరి ఆడపిల్లలకు, మగపిల్లలకు శిక్షణ, కాంట్రాక్టరు చేతిలో పెట్టకుండా నేరుగా ఉద్యోగం. పలకల నడుమ గొర్రెలు మేపుకునే హక్కు.

అందుకు ఈ నెలలోనే చేయదగిన పని ఒకటుంది. యువతీ యువకులారా, మీ చేతిలో ఫోను ఉంది. మీ ఊళ్ళో పహణీలో పేరు లేని ప్రతి కుటుంబం దగ్గరకు వెళ్ళండి. ఎవరి పొలంలో ఎన్నేళ్ళుగా పని చేస్తున్నారో, ఎన్ని గొర్రెలు ఎక్కడ మేపుతున్నారో వారి అనుమతితో రాసుకోండి. మతం, కులం చూసి ఎవరినీ వదిలిపెట్టకండి. ఆ జాబితాను గ్రామసభలో చదివించి తీర్మానంగా రాయించండి. కంపెనీ మనిషి పహణీ తెచ్చిన రోజున మన చేతిలో కూడా ఒక పుస్తకం ఉండాలి.